వెళ్ళినవారు – నిలిచినవారు

పరదేశమున పుట్టిన ప్రేమకథలు సామాన్యముగా ప్రయాణికుని వెంటనే నడచును. ఊరిలో అడుగిడినది మొదలు తిరుగు రైలెక్కువరకు అతని కన్నులతోనే మనము లోకమును చూతుము. అతడు కదలిపోగానే కథ ముగిసినదని మనమును లేచిపోదుము. ఈ అలవాటును నాకు ఎత్తిచూపినది ఏ విమర్శకుడును కాడు, మా చెల్లెలు.

గడచిన వేసవి సెలవులలో నస్రుల్లాబాదులోని మా యింట ‘సమ్మర్ టైమ్’ అను పాత చిత్రమును చూచుచుంటిని. 1955లో వెలువడిన ఈ చిత్రమునకు ఆర్థర్ లారెంట్స్ వ్రాసిన నాటకము మూలము; దర్శకుడు డేవిడ్ లీన్. కథానాయికగా నటించినది హాలీవుడ్‌లో మేటియనిపించుకొన్న కాథరిన్ హెప్బర్న్. ఆ యేటి చిత్రములకుగాను వీరిరువురి పేర్లును ఆస్కార్ పరిశీలనకు వచ్చినవి.

కథ చిన్నది. అమెరికాలోని ఏక్రన్ పట్టణమున ఒక కార్యాలయములో పనిచేయు జేన్ హడ్సన్ నడివయసు అవివాహిత. ఎన్నాళ్ళనుండియో కూడబెట్టుకొన్న ధనముతో ఆమె వెనిస్ నగరమునకు వచ్చును. కనబడిన వింతనెల్ల కెమెరాలో బంధించుకొనును. కాని జంటలు నడచు ఆ వీథులలో తాను మాత్రము ఒంటరి. పాతవస్తువుల అంగడిలో ఎఱ్ఱని గాజుపాత్ర యొకటి ఆమె మనసును దోచును. ఆ అంగడి యజమాని రెనాటో ఆమె హృదయమునే దోచును. అతడు వివాహితుడనియు, బిడ్డల తండ్రియనియు తరువాత తెలియును. ఐనను కొన్ని దినములు ఆమె సుఖపడును. పిదప, ఇంకను నిలిచినచో ఈ సుఖమే దుఃఖమగునని తలచి, తన యిష్టముననే బయలుదేరును.

ఈ చిత్రమున నాకు మిక్కిలి నచ్చినది ఒక పూవు. అది గార్డీనియా, మన గంధరాజము. రెనాటో కొనియిచ్చిన ఆ పూవు ఆమె చేజారి కాలువలో పడును. అతడు వంగి చేయి చాచినను అందదు. కడపట రైలు కదలిన వేళ అతడు మరల ఒక గంధరాజమును తెచ్చి పరుగెత్తును. అదియు ఆమె చేతికి అందదు. అతడు దానిని పైకెత్తి చూపును. ఆమె కిటికీనుండి నవ్వుచు చేయి ఊపుచునే యుండును.

నేను కన్నులు తుడుచుకొనుచుండగా మా చెల్లెలు అడిగినది: “పోయేటామె సంగతి సరే అన్నా. ఆమెకు ఊరున్నది, చెప్పుకొనేతందుకు ముచ్చట దొరికింది. గా పువ్వు పట్టుకొని నిలవడ్డోడు రేపు పొద్దుగాల్ల ఏం జేస్తడు?”

ఆమె భర్త గల్ఫునకు పోయి ఇరువదియేండ్లు కావచ్చినది. రెండు మూడేండ్లకొకసారి వచ్చి పోవుచుండును. నిజామాబాదు, కామారెడ్డి జిల్లాల పల్లెలలో ఇట్టి యిండ్లు అనేకము. బస్సు కదలిన తరువాత వెనుకకు నడచివచ్చుట యెట్లుండునో ఆమెకు తెలిసినట్లు నాకు తెలియదు. నేనేమియు బదులు చెప్పలేకపోతిని.

నిజమునకు ఆ బదులు నేను ఏటేట పాఠము చెప్పు కావ్యములోనే కలదు. పెద్దన మనుచరిత్రలో ప్రవరుడును ప్రయాణికుడే. సిద్ధుడిచ్చిన పాదలేపముతో హిమాలయమునకు పోవును. మంచుకు లేపము కరగి చిక్కుపడును. వరూధిని అతనిని వలచును. ఆమెను తిరస్కరించి, అగ్నిదేవుని ప్రార్థించి, అతడు ఇల్లు చేరును. తరగతిలో మేము సాధారణముగా అతని నిష్ఠను మెచ్చుకొని పుస్తకమును మూయుదుము. కాని పెద్దన మూయలేదు. ప్రవరుని యింటికి సాగనంపి, తాను వరూధిని చెంతనే నిలిచెను. ఆమె విరహమును, ప్రవరుని రూపమున వచ్చిన గంధర్వుని చేతిలో ఆమె మోసపోవుటను, ఆమెకు స్వరోచి జనించుటను వర్ణించెను. ఆ స్వరోచి కుమారుడే మనువు. కావ్యమునకు పేరిచ్చిన వంశము నిలిచిపోయిన ఆమెనుండియే సాగినది గాని, వెళ్ళిపోయిన అతనినుండి కాదు!

ఇది కావ్యములకే చెల్లిన ముచ్చటయు కాదు. హైదరాబాదు కోఠిలోని పాత రెసిడెన్సీ భవనము నేడు మహిళా విశ్వవిద్యాలయమునకు చెందినది. దానిని కట్టించిన జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ 1798 నుండి 1805 వరకు నిజాము కొలువున ఆంగ్ల రెసిడెంటు. అతడు నగరమందలి ఉన్నతవంశపు కన్యయగు ఖైరున్నీసాను ప్రేమించి మహమ్మదీయ పద్ధతిని వివాహమాడెను. ఘోషాలోనుండు ఆమె చూచుటకై ఆ సౌధపు చిన్న నమూనాను అంతఃపురపు తోటలో కట్టించెనని చెప్పుకొందురు. 1805లో వారి బిడ్డలిరువురును ఇంగ్లండునకు ఓడయెక్కిరి. ఆ యేడే అక్టోబరు 15న అతడు కలకత్తాలో మరణించెను. ఆమె బిడ్డలను మరల చూడలేదు. కొంతకాలము మచిలీపట్నమున ప్రవాసముండి, 1813లో, ముప్పదియేండ్లయినను నిండక కన్నుమూసెను. విలియం డాల్రింపుల్ 2002లో ప్రకటించిన ‘వైట్ మొఘల్స్’ గ్రంథమున ఈ కథయంతయు కలదు. ఆ పుస్తకమును ముగించిన తరువాత నన్ను వెంటాడినది కిర్క్‌పాట్రిక్ వైభవము కాదు, ఆమె చివరి యేండ్లు.

ఇంత చెప్పి డేవిడ్ లీన్‌ను తప్పుపట్టుట న్యాయము కాదు. జేన్ హడ్సన్‌కు జీవితమున దొరికిన సుఖము ఆ కొలది దినములే. దానిని చేతులార విడిచిపోగల ధైర్యము ఆమెకు ఉండెను. ఆ చిత్రము ఆమెది. కాని ప్రయాణికురాలి వంతు దుఃఖమునకు రైలు కదలిక తోడుండును. నిలిచినవాని దుఃఖము ఉన్నచోటనే ఉండును. రెనాటో మరునాడు అంగడి తలుపు తీయవలెను. ఆమె నడచిన వంతెనమీదనే నడువవలెను.

రానున్న సంవత్సరము మనుచరిత్ర పాఠము చెప్పునపుడు, ప్రవరుడు ఇల్లు చేరినంతనే పుస్తకమును మూయరాదని నిశ్చయించుకొంటిని. పరీక్షలో అడిగినను అడుగకున్నను, పిల్లలను వెంటబెట్టుకొని మరల ఆ మంచుకొండకు పోయెదను. అక్కడ వరూధిని ఇంకను నిలిచియే యున్నది.