చిన్నప్పటి మారియో ఇంకా దొరుకుతోంది, మోస్ట్ వాంటెడ్ ఎందుకు దొరకట్లేదు?

ఈసారి కొత్త ఫోన్ రివ్యూ కాదు ఫ్రెండ్స్. చిన్నప్పుడు అన్నం కూడా మర్చిపోయి ఆడిన ఆరు గేమ్స్‌ని రెండు వారాల పాటు మళ్లీ ఆడాను. ఆ సంగతులే ఈ ఆర్టికల్. మూడు ప్లాట్‌ఫామ్ గేమ్స్: సూపర్ మారియో బ్రదర్స్, డేంజరస్ డేవ్, ప్రిన్స్ ఆఫ్ పర్షియా. మూడు రేసింగ్ గేమ్స్: రోడ్ ఫైటర్, రోడ్ రాష్, నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్.

ఏదో సరదాకి మొదలుపెట్టాను కానీ, రెండో రోజుకే ఒక తేడా కనిపించింది. దూకే గేమ్స్ ఏదో ఒక రూపంలో బతికే ఉన్నాయి. రేసింగ్ గేమ్స్ మాత్రం ఒక్కొక్కటిగా షాపుల్లోంచి మాయమవుతున్నాయి. ఇరవై ఏళ్ల నాటివే కాదు, మీరు మొన్న డిస్కౌంట్‌లో కొన్నవి కూడా ఆ లిస్టులోకి వెళ్తున్నాయి. ఎందుకో చూద్దాం.

మారియో స్పీడ్ పెరిగిందా?

సూపర్ మారియో బ్రదర్స్ 1985 సెప్టెంబర్‌లో జపాన్‌లో వచ్చింది. గేమ్ మొత్తం సైజు 40 కేబీ. ఇప్పుడు మనం వాట్సాప్‌లో పంపే ఒక ఫోటో కూడా దీనికంటే పెద్దదే. అంత చిన్న చోట గేమ్ పట్టాలి కాబట్టి నింటెండో వాళ్లు ఒకే బొమ్మని రెండు చోట్ల వాడారు. పైన తెల్లగా కనిపించే మబ్బు, కింద ఆకుపచ్చగా కనిపించే పొద, రెండూ ఒకే బొమ్మ. రంగు మాత్రమే వేరు. ఇది తెలిశాక ఇంకోసారి ఆడి చూడండి, నవ్వొస్తుంది.

ఫ్రెండ్ దగ్గర స్విచ్ ఉంటే, నింటెండో ఆన్‌లైన్ సబ్‌స్క్రిప్షన్‌లో వచ్చే ఒరిజినల్ వెర్షన్ ఆడాను. మొదటి ఐదు నిమిషాలు చేయి అస్సలు కుదరలేదు. మారియో నా గుర్తులో ఉన్నదానికంటే వేగంగా పరిగెడుతున్నాడు. భ్రమేమో అనుకున్నా, కానీ దీనికి అసలు కారణం వేరే ఉంది.

మనలో చాలామంది ఆడింది నింటెండో బాక్స్ మీద కాదు. పసుపు రంగు క్యాసెట్లతో వచ్చే "టీవీ గేమ్", అంటే క్లోన్ బాక్స్ మీద. మన దేశంలో అప్పటి టీవీలు పాల్ పద్ధతివి, సెకనుకు 50 సార్లు బొమ్మ గీసేవి. జపాన్, అమెరికా టీవీలు 60 సార్లు. పాల్ టీవీల కోసం తయారైన క్లోన్ బాక్సులు సెకనుకు 50 ఫ్రేములే ఇచ్చేవి. ఆ కాలం గేమ్స్‌లో కదలిక లెక్కంతా ఫ్రేముల మీదే ఉండేది. ఫ్రేములు తగ్గితే గేమ్ మొత్తం నెమ్మదిస్తుంది. అంటే అలాంటి బాక్స్ మీద ఆడినవాళ్లకి ఒరిజినల్ దాదాపు 20 శాతం వేగంగా అనిపిస్తుంది. కాబట్టి మీకు కూడా అలా అనిపిస్తే కంగారు పడకండి, వయసు కాదు కారణం!

జంప్ ఎందుకు తప్పుతోంది?

రెండో సమస్య లాగ్. పాత డబ్బా టీవీలు వచ్చిన సిగ్నల్‌ని వచ్చినట్టే గీసేవి. ఇప్పటి టీవీలు బొమ్మని ముందు మెరుగుపరిచి, ఆ తర్వాతే చూపిస్తాయి. ఈ ఆలస్యం చిన్నదే, కానీ మారియోలో దాని లెక్క చూడండి.

60 ఫ్రేముల గేమ్‌లో ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు. పరుగులో ఉన్న మారియో ఒక్కో ఫ్రేమ్‌కి సుమారు రెండున్నర పిక్సెళ్లు కదులుతాడు. ఒక ఇటుక వెడల్పు 16 పిక్సెళ్లు. బటన్ నొక్కిన 50 మిల్లీసెకన్ల తర్వాత స్క్రీన్ స్పందిస్తే, ఈలోగా మారియో దాదాపు అర ఇటుక ముందుకెళ్లిపోతాడు. గుంత అంచున అర ఇటుక అంటే ఒక లైఫ్ పోయినట్టే. టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేసిన వెంటనే నా జంపులు కుదిరాయి. మీరూ ముందు ఆ పని చేయండి.

ఫోన్‌లో అయితే లాగ్‌తో పాటు టచ్ బటన్ల గొడవ ఒకటి. గాజు మీద బటన్ అంచు వేలికి తెలియదు, బొటనవేలు జారిపోతుంది. నింటెండోకి కూడా ఈ సంగతి తెలుసు. 2016లో ఫోన్లకి సూపర్ మారియో రన్ తెచ్చినప్పుడు మారియో తనంతట తానే పరిగెత్తేలా చేశారు, మనం చేయాల్సింది దూకడమే. పాత గేమ్‌ని ఫోన్‌లో సీరియస్‌గా ఆడాలంటే టైప్-సి వైర్‌తో నేరుగా తగిలించే కంట్రోలర్ మంచిది. రెట్రోఆర్క్ యాప్‌లో "రన్ అహెడ్" అనే సెట్టింగ్ ఉంది, గేమ్ లోపల ఉండే లాగ్‌ని కూడా కొంత తగ్గిస్తుంది.

డేవ్ వెనకున్న పెద్ద కథ

స్కూల్ కంప్యూటర్ ల్యాబ్‌లో సార్ అటు తిరగ్గానే తెరుచుకునేది డేవ్. కప్పు అందుకోవాలి, తలుపు దగ్గరికి చేరాలి, అంతే గేమ్. దీన్ని జాన్ రొమెరో 1988లో యాపిల్ 2 కంప్యూటర్ కోసం రాశాడు, డాస్ వెర్షన్ తర్వాత వచ్చింది. ఇప్పుడు ఆడితే ఒక విషయం చిరాకు పెడుతుంది. మారియోలో బ్యాక్‌గ్రౌండ్ నీళ్లలా జరుగుతుంది, డేవ్‌లో మాత్రం అంచుకి వెళ్తే తప్ప స్క్రీన్ జరగదు. అప్పటి పీసీలకి స్క్రీన్ మొత్తాన్ని మళ్లీ మళ్లీ గీసేంత శక్తి లేదు మరి.

1990 సెప్టెంబర్‌లో రొమెరో సహోద్యోగి జాన్ కార్మాక్ దీనికో ఉపాయం కనిపెట్టాడు. మారిన భాగాన్ని మాత్రమే మళ్లీ గీయడం. టామ్ హాల్‌తో కలిసి రాత్రికి రాత్రి మారియో 3 మొదటి లెవెల్‌ని పీసీ మీద దింపి, మారియో స్థానంలో డేవ్ బొమ్మ పెట్టాడు. తర్వాత మారియో 3 డెమో ఒకటి తయారుచేసి నింటెండోకి పంపితే వాళ్లు వద్దన్నారు. అదే టెక్నిక్‌తో ఈ టీమ్ కమాండర్ కీన్ చేసింది, 1991లో ఐడీ సాఫ్ట్‌వేర్ పెట్టింది, 1993లో డూమ్ తెచ్చింది. ల్యాబ్‌లో మనం ఆడిన డేవ్‌కి డూమ్ ఒకరకంగా తమ్ముడన్నమాట.

ప్రిన్స్‌ని కాపాడిన అట్టపెట్టె

ఆరింటిలో నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచింది ప్రిన్స్ ఆఫ్ పర్షియా. జోర్డాన్ మెక్నర్ తన తమ్ముడు పరిగెత్తడం, దూకడం వీడియో తీసి, దాన్ని ఫ్రేమ్ ఫ్రేమ్‌గా బొమ్మలుగా మార్చాడు. అందుకే 1989 గేమ్ అయినా ఆ కదలిక ఇప్పటికీ మనిషిలానే ఉంటుంది. అద్దంలోంచి బయటికొచ్చే నల్లటి నీడ మనిషి గుర్తున్నాడా? కొత్త శత్రువుని గీయడానికి మెమరీలో చోటు లేక, ప్రిన్స్ బొమ్మనే కోడ్‌తో మార్చి పుట్టించిన క్యారెక్టర్ అది.

పైగా ఈ గేమ్ ఫోన్ టచ్‌కి కూడా బాగానే సరిపోతుంది. ప్రిన్స్ మొదలుపెట్టిన అడుగు పూర్తయ్యాకే తర్వాతి పని చేస్తాడు, కాబట్టి మారియోలాగా చిన్న లాగ్ కూడా ప్రాణం తీయదు.

ఈ గేమ్ ఒరిజినల్ సోర్స్ కోడ్ చాలా ఏళ్లు కనబడకుండా పోయింది. 2012లో మెక్నర్ నాన్నగారు ఇంట్లో ఒక అట్టపెట్టెలో ఆ ఫ్లాపీలు దొరికాయని పంపించారు. తెలిసినవాళ్ల సాయంతో డేటా బయటికి తీసి, మెక్నర్ దాన్ని గిట్‌హబ్‌లో పెట్టేశాడు. ఇక్కడ ఒక్క విషయం గమనించండి: ఆ నిర్ణయం తీసుకోవడానికి ఒక్క మనిషి చాలాడు. రేసింగ్ గేమ్స్‌కి లేనిది ఇదే.

రేసింగ్ గేమ్స్‌లో అద్దె సామాను

ముందు రోడ్ ఫైటర్. కొనామీ 1984లో తెచ్చిన గేమ్. ఎర్ర కారు, అయిపోతూ ఉండే పెట్రోల్, తగిలితే గిర్రున జారే బండి. జారినప్పుడు ఎదురు దిశకి తిప్పితే కంట్రోల్ దొరుకుతుంది, ఆ ట్రిక్ నా వేళ్లు ఇంకా మర్చిపోలేదు. ఇందులో ఏ కంపెనీ కారూ లేదు, ఏ సింగర్ పాటా లేదు. అంతా కొనామీ సొంతం. ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్లీ అమ్ముకోవచ్చు.

తర్వాత రోడ్ రాష్. నెట్ సెంటర్‌లో గంట అయిపోయినా లేవనిచ్చేది కాదు. చైన్ తిప్పి పక్కవాడిని పడగొట్టడం ఇప్పటికీ అంతే మజా. బైకుల పేర్లు కల్పితమే, కానీ 1996 పీసీ వెర్షన్‌లో మెనూలు, వీడియోల దగ్గర వినిపించేవి సౌండ్‌గార్డెన్ లాంటి నిజమైన బ్యాండ్ల పాటలు. ఆ వెర్షన్‌ని అలాగే మళ్లీ అమ్మాలంటే ఆ పాటల హక్కులన్నీ మళ్లీ మాట్లాడుకోవాలి.

ఇక 2005 మోస్ట్ వాంటెడ్. బీఎండబ్ల్యూ, పోర్షే, లంబోర్గిని, పైగా లైసెన్స్ తీసుకున్న పాటలు. కారు కంపెనీలతో, మ్యూజిక్ కంపెనీలతో ఒప్పందాలు సాధారణంగా కొన్నేళ్లకే ఉంటాయి. గడువు ముగిశాక అమ్మాలంటే మళ్లీ డబ్బు కట్టాలి, అందరూ మళ్లీ ఒప్పుకోవాలి. అంటే రేసింగ్ గేమ్‌లో సగం సామాను అద్దెకి తెచ్చిందే. స్టీమ్‌లో కనిపించే మోస్ట్ వాంటెడ్ 2012లో వచ్చిన వేరే గేమ్, పేరు చూసి కొనేయకండి. పీఎస్‌పీకి వచ్చిన 5-1-0 వెర్షన్‌లో సిటీ అంతా తిరిగే అవకాశమే లేదు.

ఇది నా అనుమానం మాత్రమే కాదు. ఉదాహరణలు చూడండి:

- ఫెరారీ లైసెన్స్ ముగిశాక సెగా వాళ్ల అవుట్‌రన్ ఆన్‌లైన్ ఆర్కేడ్ డిజిటల్ స్టోర్లలోంచి పోయింది.
- 2020లో వచ్చిన నీడ్ ఫర్ స్పీడ్ హాట్ పర్స్యూట్ రీమాస్టర్‌లో ఒరిజినల్‌లో ఉన్న రెండు మెర్సిడెస్ కార్లు లేవు.
- 2021 మే 31న కార్బన్, అండర్‌కవర్, షిఫ్ట్, షిఫ్ట్ 2, ది రన్, ఐదు నీడ్ ఫర్ స్పీడ్ గేమ్స్ ఒకేసారి అమ్మకం నుంచి తీసేశారు.
- ఫోర్జా హొరైజన్ 4 వచ్చింది 2018లో, అమ్మకం ఆగింది 2024 డిసెంబర్ 15న. ముందే కొన్నవాళ్లు మాత్రం ఇప్పటికీ ఆడుకోవచ్చు.
- ది క్రూ సర్వర్లు 2024 మార్చి 31న ఆపేశారు. ఆ గేమ్‌కి ఎప్పుడూ నెట్ కావాలి కాబట్టి డబ్బులిచ్చి కొన్నవాళ్లు కూడా ఇక ఆడలేరు. "స్టాప్ కిల్లింగ్ గేమ్స్" ఉద్యమం మొదలైంది దీంతోనే.

పాత గేమ్స్ అన్నిటికీ గండం ఉంది, కాదనను. అమెరికాలో 2010కి ముందు వచ్చిన క్లాసిక్ గేమ్స్‌లో 87 శాతం ఇప్పుడు మార్కెట్‌లో దొరకవని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ స్టడీ తేల్చింది. రేసింగ్‌కి మాత్రం ఎక్స్‌పైరీ డేట్ పుట్టుకతోనే రాసి ఉంటుంది.

డిస్క్ ఉన్నా సరిపోదు

"నా దగ్గర సీడీ ఉందిగా" అంటారా? ఆ రోజుల్లో చాలా పీసీ డిస్కుల మీద సేఫ్‌డిస్క్ అనే కాపీ ప్రొటెక్షన్ ఉండేది. అది విండోస్ లోపలికి వెళ్లి ఒక డ్రైవర్‌గా పనిచేసేది. సెక్యూరిటీ రిస్క్ అని మైక్రోసాఫ్ట్ 2015లో విండోస్ 10లో దానికి సపోర్ట్ తీసేసింది. దాంతో ఒరిజినల్ డిస్క్ పెట్టినా అలాంటి గేమ్స్ ఓపెన్ కావు.

నేను మోస్ట్ వాంటెడ్ ఆడింది మా పెద్దమ్మ కొడుకు ఇంట్లో, అటక మీది నుంచి దింపిన ఎక్స్‌పీ డెస్క్‌టాప్ మీద. దాన్లో అన్నయ్య 2007 నాటి ప్రొఫైల్ అలాగే ఉంది, బ్లాక్‌లిస్ట్‌లో మూడో నంబర్ దగ్గర ఆగి. ఆ బీఎండబ్ల్యూ ఎం3 జీటీఆర్ ఇంజిన్ చప్పుడు వినగానే వంటింట్లోంచి వదిన కూడా వచ్చి నిలబడింది. ఆ హార్డ్‌డిస్క్ పోతే ఆ సేవ్ ఫైల్ మళ్లీ ఎక్కడా కొనలేం.

మీరు ఇప్పుడు చేయాల్సినవి

- పాత కంప్యూటర్‌ని స్క్రాప్‌కి ఇచ్చే ముందు గేమ్స్ సేవ్ ఫోల్డర్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. సైజు కొన్ని ఎంబీలే ఉంటుంది.
- ప్రొటెక్షన్ లేని పాత సీడీలని ఇప్పుడే ఐఎస్ఓ ఫైల్‌గా మార్చి పెట్టుకోండి. డిస్కులు కాలంతో పాడవుతాయి.
- పని చేసే ఎక్స్‌పీ కంప్యూటర్ ఉంటే ఉంచుకోండి. నెట్‌కి మాత్రం కనెక్ట్ చేయొద్దు, దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు రావు.
- రెట్రోఆర్క్, పీపీఎస్ఎస్‌పీపీ లాంటి ఎమ్యులేటర్లు ప్లే స్టోర్‌లో ఉన్నాయి. 2024 ఏప్రిల్‌లో యాపిల్ రూల్స్ మార్చాక ఐఫోన్‌కి కూడా వచ్చాయి. ఎమ్యులేటర్ వాడటం తప్పు కాదు, మీది కాని గేమ్ ఫైల్ డౌన్‌లోడ్ చేయడం కాపీరైట్ ఉల్లంఘన. మన చిన్నప్పటి క్లోన్ క్యాసెట్లు కూడా ఆ కోవలోవే, దాచడానికేం లేదు.
- "రోడ్ రాష్ ఒరిజినల్ ఏపీకే" అని కనిపించే తెలియని సైట్ల జోలికి వెళ్లొద్దు.
- నిజమైన కార్లున్న గేమ్ నచ్చితే, డీలిస్ట్ వార్త వచ్చేదాకా ఆగకుండా మంచి సేల్‌లో తీసుకోండి. నెట్ లేకుండా నడుస్తుందో లేదో కొనేముందే చూడండి.

నా ఫైనల్ మాట

ఆరింటిలో ఇప్పటికీ బెస్ట్ ఏదంటే, దూకడానికి మారియో, పరిగెత్తడానికి మోస్ట్ వాంటెడ్. మొదటిదాన్ని మీ పిల్లలు కూడా ఆడతారు, అందులో నాకు అనుమానం లేదు. రెండోదాన్ని ఆడతారా లేదా అన్నది ఏ కంపెనీ చేతిలోనూ లేదు, ఇళ్లలో మిగిలిన డిస్కులు, హార్డ్‌డిస్కుల చేతిలో ఉంది. ఈ ఆదివారం మీ అటక ఒకసారి చూడండి. ఏం దొరికిందో కామెంట్స్‌లో చెప్పండి.