చందువ బొమ్మ కింద ఎవరి పేరు?

డిగ్రీలో నాకు మార్కులు తెచ్చింది జువాలజీ రికార్డు బుక్కే. కప్ప గుండె, బొద్దింక నోటి భాగాలు... క్లాసులో సగం మందికి నేనే గీసిపెట్టేదాన్ని. ఇంట్లో మాత్రం "బొమ్మలేస్తే కడుపు నిండుద్దా?" అని గొడవ. సైన్సా, బొమ్మలా? ఏదో ఒకటి వదిలేయాల్సిందే అనుకున్నా.

మాది బోగోలు. దగ్గర్లోనే జువ్వలదిన్నె తీరం. ఒకరోజు ఫోన్‌లో ఓ పాత పుస్తకం స్కాన్ కాపీ కనబడింది. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ డాక్టర్ 1780ల్లో విశాఖపట్నంలో ఉన్నప్పుడు, అక్కడ దొరికిన 200 చేపల బొమ్మలు గీయించాడు. 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా అచ్చయ్యాయి. రక్తపింజరని ఇంగ్లీషులో 'రస్సెల్స్ వైపర్' అంటారు కదా, ఆ రస్సెల్ ఈయనే!

పేజీలు జరుపుతుంటే భలే ఆశ్చర్యం. అక్షరాలు ఇంగ్లీషే గానీ చేపల పేర్లు మనవే. తెల్ల చందువ, నల్ల చందువ! ఒక రకం బారకూడాకి శాస్త్రీయ నామం 'స్ఫిరీనా జెల్లో'. ఆ 'జెల్లో' కూడా విశాఖలో రస్సెల్ రాసుకున్న పేరే.

మరుసటి రోజు పొద్దున్నే తీరానికెళ్లి, చేపలమ్మే అవ్వకి ఫోన్ చూపించా.

"చందవ గదమ్మే! ఎవురు గీసిందీ?"

"రెండొందల ఏళ్ల కిందటిది అవ్వా."

ఆమె గంపలోంచి ఓ నల్ల చందువ తీసి నా చేతిలో పెట్టింది. "తోక కాడ తడిమి చూడు. గరుగ్గా ఉండాదా? తెల్లదానికి ఉండదు."

అది గట్టి పొలుసుల వరుస. పేరుకి రెండూ చందువలే. సైన్సు లెక్కలో నల్లది పార చేపల కుటుంబం, తెల్లది వేరే కుటుంబం. నేను పుస్తకంలో చదివింది అవ్వ వేళ్లకి ఎప్పుడో తెలుసు.

ఫోటో తీస్తే పోయేదానికి బొమ్మెందుకు అంటారా? గీయాలంటే రెక్కలో ముళ్లెన్నో లెక్కపెట్టాలి. ఒంటి పక్కన సాగే గీత ఎక్కడ వంపు తిరిగిందో చూడాలి. చచ్చిన చేప రంగు వెలిసిపోయేలోపే పట్టుకోవాలి. గీస్తేనే చూసినట్టు.

కానీ ఒక్కటి మనసులో గుచ్చుకుంది. పుస్తకం అట్ట మీద పేరు రస్సెల్‌ది. ఆ చేపల్ని చూసి గీసింది మాత్రం ఒక భారతీయ చిత్రకారుడు. ఆయన పేరు అట్ట మీద లేదు. చేపల పేర్లు చెప్పిన జాలర్లవీ లేవు.

ఆ మాట చెబితే అవ్వ నవ్వలేదు. "అయితే నీ పేరు నువ్వే రాసుకో" అంది.

ఇప్పటికి 14 చేపలు వేశా. ప్రతి బొమ్మ కిందా నాలుగే రాస్తా: చేప తెలుగు పేరు, శాస్త్రీయ నామం, తారీఖు, నా సంతకం. ఆ పక్కనే, దాన్ని గుర్తుపట్టి చెప్పినవాళ్ల పేరు. మొదటి బొమ్మ నల్ల చందువ. దాని కింద రెండు పేర్లున్నాయి.