బిల్లు ముందా, ఆర్డరు ముందా?

పెద్ద కంపెనీలో సరుకు ఎలా కొంటారని అడిగితే అందరూ ఒకే వరుస చెబుతారు. ముందు పర్చేజ్ ఆర్డరు, ఆఫీసు భాషలో పీఓ, పెడతారు. తర్వాత సరుకు గోడౌనుకు చేరుతుంది. బిల్లు వస్తుంది. పీఓ, సరుకు, బిల్లు మూడూ సరిపోతే అకౌంట్స్ వాళ్లు డబ్బు కడతారు. అమీర్‌పేటలో శాప్ కోర్సు చేసినవాళ్లను నిద్రలో లేపి అడిగినా ఇదే చెబుతారు. కంపెనీ పనులన్నీ నమోదు చేసే, కోట్లు పోసి కొన్న శాప్ లాంటి ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ కూడా పని ఈ వరుసలోనే జరుగుతుందనే నమ్మకంతో తయారైంది.

నెదర్లాండ్స్ నుంచి నడిచే ఒక బహుళజాతి రంగుల కంపెనీ 2019లో తన కొనుగోళ్ల రికార్డులను, మనుషుల పేర్లు తీసేసి, పరిశోధకుల పోటీకి ఇచ్చింది. అందులో 76,349 పీఓలు, వాటిలో 2,51,734 వస్తువుల పద్దులు. సాఫ్ట్‌వేర్‌లో నమోదైన పనుల రకాలు 42 మాత్రమే. అయినా ఒక్కో పద్దు మొదటి నుంచి చివరి దాకా నడిచిన తీరును బట్టి వేరుచేస్తే దాదాపు 12 వేల రకాల దారులు తేలాయి.

సిబ్బంది క్రమశిక్షణ లేనివాళ్లని తేల్చేయడానికి తొందరపడనక్కర్లేదు. అద్దె కట్టడానికి ఏడాది మొత్తానికి ఒకటే పీఓ ఉంటుంది, దాని కింద సేవ అందినట్టు పన్నెండు రశీదులు, పన్నెండు బిల్లులు వస్తాయి. సరుకు రవాణా లాంటి సేవలైతే ఒక్క పద్దు కిందే వందల రశీదులు ఉండొచ్చు. అవి న్యాయమైన తేడాలే. వాటి మధ్యే కలిసిపోయి వేరే రకం తేడాలు ఉంటాయి: ఎవరో ఫోనులో సరుకు తెప్పించేసుకుంటారు, బిల్లు చేతికొచ్చాక దానికి సరిపోయేలా పీఓ తయారుచేస్తారు. కాగితం మీద అంతా సవ్యంగానే ఉంటుంది. తేదీలు మాత్రం నిజం చెప్పేస్తాయి.

ఆ తేదీల నుంచి అసలు దారిని రాబట్టే విద్యను ప్రాసెస్ మైనింగ్ అంటారు. దీనికి కావలసిన ముడిసరుకు చాలా తక్కువ: ఏ పద్దు, ఏ పని, ఎప్పుడు. సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఏ బటన్ నొక్కినా ఈ మూడూ ఎక్కడో ఒక పట్టికలో పడుతూనే ఉంటాయి.

1990ల చివర్లో నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో విల్ వాన్ డెర్ ఆల్స్ట్ ఈ పట్టికల మీద దృష్టి పెట్టాడు. కార్ల్ ఆడమ్ పెట్రి అనే జర్మన్ గణితజ్ఞుడు 1962 నాటి తన సిద్ధాంత గ్రంథంతో పునాది వేసిన పెట్రి నెట్‌లు, అంటే పనుల క్రమాన్ని గీసే బొమ్మలు, ఆల్స్ట్‌కు చేతిలో ఉన్న పనిముట్టు. ఆల్స్ట్ బృందం 2004లో ప్రచురించిన ఆల్ఫా అల్గారిథమ్ తర్కం పెన్నూ కాగితంతో చేయగలిగినంత తేలిక. పీఓ వెంటనే సరుకు రావడం రికార్డుల్లో కనిపించి, సరుకు వెంటనే పీఓ రావడం ఎక్కడా కనిపించకపోతే, సరుకు రాక పీఓ మీద ఆధారపడిందన్నమాట. సరుకు వెంటనే బిల్లు, బిల్లు వెంటనే సరుకు రెండూ కనిపిస్తే, వాటికి ముందువెనకలు లేవు, సమాంతరంగా నడుస్తున్నాయి. ఒకే పని తర్వాత వస్తూ, ఒకదాని వెంట ఒకటి మాత్రం ఎప్పుడూ రాని రెండు పనులు, అంటే చెక్కు రాయడం, బ్యాంకు ద్వారా పంపడం లాంటివి, ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు. లక్షల వరుసలను ఇలా జతజతలుగా చూసుకుంటూ పోతే ఆఫీసు బొమ్మ దానంతటదే గీసుకుంటుంది.

చిక్కు కూడా ఆ తేలికతనంలోనే ఉంది. సరుకు దిగాక హడావుడిగా పీఓ పెట్టిన రోజు ఒక్కటుంటే చాలు, ఆ రెండు పనులకూ వరుసే లేదని ఆల్ఫా తేల్చేస్తుంది. వెయ్యిసార్లు జరిగినదీ ఒక్కసారి జరిగినదీ దానికి సమానమే. నిజమైన కంపెనీల రికార్డులు పెట్టి చూస్తే పళ్లెంలో కుమ్మరించిన సేమియాలాంటి బొమ్మ వచ్చింది. దాంతో తర్వాతి పద్ధతులు లెక్కింపు మొదలుపెట్టాయి. 2007లో క్రిస్టియన్ గుంథర్, ఆల్స్ట్ కలిసి చేసిన ఫజీ మైనర్ అరుదైన దారులను చెరిపేసి, ముఖ్యమైన వాటినే చూపించింది.

విశ్వవిద్యాలయ జ్ఞానం పరిశ్రమకు చేరడమంటే పేటెంటు, దాన్ని అమ్మిపెట్టే ఒక కార్యాలయం గుర్తొస్తాయి. ఇక్కడ ఎక్కువ పని చేసింది మనుషులు, ఉచితంగా వదిలిన సాఫ్ట్‌వేర్ అని నాకనిపిస్తుంది. ఐండ్‌హోవెన్ వాళ్లు ప్రోమ్ అనే పనిముట్టును ఎవరైనా వాడుకునేలా పెట్టారు. అక్కడే డాక్టరేట్ చేసిన గుంథర్, ఆనీ రోజినాట్ 2009లో ఫ్లక్సికాన్ అనే చిన్న కంపెనీ పెట్టి, డిస్కో అనే సాఫ్ట్‌వేర్ తెచ్చారు. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ముగ్గురు విద్యార్థులు ఒక ప్రసార సంస్థ ఐటీ సహాయ విభాగం పనితీరు చూసే కన్సల్టింగ్ పని ఒప్పుకున్నారు. దారి వెతుకుతూ ఈ పరిశోధనను పట్టుకుని, 2011లో సెలోనిస్ స్థాపించారు. ఇప్పుడు ఈ రంగంలో పెద్ద పేరు అదే. స్థాపించిన పదేళ్ల తర్వాత, 2021లో, ఆల్స్టే ఆ కంపెనీకి ముఖ్య శాస్త్రవేత్తగా చేరాడు.

ఈ బొమ్మలను దైవవాక్కులా చూడటం ప్రమాదం. రంగుల కంపెనీ రికార్డుల్లో 1948 నాటి తేదీ ఉన్న పని ఒకటి దొరికింది. కొనుగోళ్ల సాఫ్ట్‌వేర్ అన్నదే పుట్టని కాలమది! తేదీ గడిలో ఎవరి వేలో జారి ఉంటుంది. ఫోనులో కుదిరిన బేరం, ఎక్సెల్‌లోకి దించుకుని సొంతంగా చేసుకున్న లెక్క ఏ పట్టికలోనూ పడవు. పడినవాటితో ఇంకో తగాదా ఉంది: ఆ రికార్డుల్లో 607 మంది మనుషుల అడుగులున్నాయి. పని ఎక్కడ ఆగిందో చూపించే బొమ్మే ఎవరి దగ్గర ఆగిందో కూడా చూపించగలదు. జర్మనీలో ఉద్యోగుల మీద నిఘాకు వీలిచ్చే సాఫ్ట్‌వేర్ పెట్టాలంటే కార్మికుల మండలి ఒప్పుకోవాలని చట్టం ఉంది కాబట్టి అక్కడ ఈ ప్రశ్న తొలిరోజే బల్ల మీదికి వస్తుంది.

కంపెనీల నుంచి విశ్వవిద్యాలయాలకు ఒక సమస్య తిరిగి వెళ్లింది కూడా. ఒక పీఓలో పది వస్తువులుంటే, వస్తువును పద్దుగా తీసుకున్నప్పుడు పీఓ పెట్టడమనే ఒక్క పని పదిసార్లు లెక్కకొస్తుంది. పోనీ పీఓనే పద్దుగా తీసుకుంటే, ఏ వస్తువు రశీదు ఏ బిల్లుకు చెందిందో కలగాపులగం అవుతుంది. ఒకే బిల్లు మూడు పీఓలకు చెందితే సరేసరి. అందుకే పీఓ, వస్తువు, రశీదు, బిల్లు దేని నడక దానిదిగా ఉంచుతూ, అవి ఎక్కడ కలుస్తాయో కూడా రాసుకునే కొత్త రకం రికార్డు రూపాన్ని పరిశోధకులు 2020లో ప్రతిపాదించారు. ఆల్ఫా నమ్ముకున్న ఒక పద్దుకు ఒక దారి అన్న ఊహ ఇందులో లేదు.