కార్డు కాలింది, నేరం ఆట మీద పడింది

2021 జులై 20న అమెజాన్ వాళ్ల ‘న్యూ వరల్డ్’ ఆట పరిమిత పరీక్ష కోసం తెరుచుకుంది. ఒకటి రెండు రోజులకే గోల మొదలైంది. అసలు ఆటలోకి అడుగుపెట్టకముందే, మెనూ తెర మీద ఉండగానే, గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు హోరెత్తుతున్నాయి. తెర నల్లబడుతోంది. ఆ తర్వాత కార్డు ఇక లేవడం లేదు. పోయినవి చవకబారు సరుకా అంటే కాదు, ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3090లు. 2020 సెప్టెంబరులో బజారుకొచ్చినప్పుడు దాని ధర 1,499 డాలర్లు. అందులోనూ ఎక్కువ ఫిర్యాదులు ఈవీజీఏ కంపెనీ తయారుచేసిన కార్డుల గురించే.

ఆటే కార్డును చంపేసిందని జనం తీర్పు చెప్పేశారు. విండోస్ అందరికీ ఇచ్చే మామూలు డైరెక్ట్‌ఎక్స్ ఆదేశాలనే మా ఆట వాడుతోందని అమెజాన్ జవాబిచ్చింది. ఆ మాట అంటూనే మెనూ తెరల్లో ఫ్రేముల వేగానికి పగ్గం వేస్తూ ఒక ప్యాచ్ వదిలింది. తప్పు లేకపోతే ప్యాచ్ ఎందుకని ఎవరైనా అడుగుతారు. అడగాల్సిందే. కానీ జవాబు ఆటలో కన్నా కార్డు పుట్టుపూర్వోత్తరాల్లో ఎక్కువ దొరుకుతుంది.

1996లో వచ్చిన 3డీఎఫ్ఎక్స్ వూడూ కార్డు చిప్పులకు ఫ్యాను లేదు, దాని అవసరమూ లేదు. 1999లో ఎన్విడియా ‘ప్రపంచంలో మొదటి జీపీయూ’ అని చాటింపు వేసి అమ్మిన జీఫోర్స్ 256 మీద చిన్న ఫ్యాను తిరిగేది, కరెంటు మాత్రం మదర్‌బోర్డు స్లాట్ నుంచే సరిపోయేది. 2000లో వూడూ 5 వచ్చేసరికి స్లాట్ చాలలేదు, హార్డ్‌డిస్కుకు ఇచ్చే వైరు దీనికీ తగిలించాల్సి వచ్చింది. 2003లో జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5800 అల్ట్రా ఫ్యాను మోత ఎంతలా నవ్వులపాలైందంటే, ఎన్విడియా వాళ్లే తమ మీద తాము జోకు వేసుకుంటూ వీడియో తీశారు. ఆ తర్వాతి ఇరవై ఏళ్లూ అదే దారి. ఇప్పటి స్లాట్ ఇవ్వగలిగింది 75 వాట్లు. 3090 అడిగేది 350. దాని చిప్పులో 2,830 కోట్ల ట్రాన్సిస్టర్లు ఉన్నాయి.

ఈ 350 వాట్లు చిప్పుకు చేరే దారిని కాస్త దగ్గర నుంచి చూడాలి, ఎందుకంటే ప్రమాదం జరిగింది అక్కడే. పవర్ సప్లై నుంచి వచ్చేది 12 వోల్టులు. చిప్పుకు కావాల్సింది సుమారు ఒక వోల్టు. వోల్టేజీ తగ్గితే అదే శక్తికి కరెంటు పెరగాలి కదా, అలా ఆ ఒక్క చిప్పులోకి రెండు వందల ఆంపియర్లకు పైగా ప్రవహించాల్సి వస్తుంది. మన ఇంట్లో ఏసీ లాగేది పది ఆంపియర్ల లోపే. ఇంత కరెంటును ఒక్క దారిన పంపలేరు గనుక, చిప్పు చుట్టూ మాస్‌ఫెట్లనే బుల్లి స్విచ్చులను వరసగా పేర్చి పంచుతారు. అవి సెకనుకు లక్షల సార్లు ఆన్, ఆఫ్ అవుతూ 12 వోల్టులను తరిగి, పక్కనున్న కాయిల్ గుండా చిప్పుకు పంపిస్తాయి. లోడు పెరిగినప్పుడు కొన్ని కార్డులు కీచుమని సన్నగా అరుస్తాయి, ఆ అరుపు ఈ కాయిళ్లదే.

ప్రతి మాస్‌ఫెట్‌నూ బోర్డుకు పట్టి ఉంచేది టంకం. అది సరిగా పరుచుకోకపోతే ఆ అతుకు దగ్గర నిరోధం కాస్త పెరుగుతుంది. ఒక మిల్లీ ఓమ్ పెరిగిందనుకుందాం. అందులోంచి 30 ఆంపియర్లు పోతే, ఆ చుక్కంత చోట దాదాపు ఒక వాట్ వేడి పుడుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. రిపేరు షాపుల్లో ‘డ్రై సోల్డర్’ అని కొట్టిపారేసే ఈ లోపం నెలల తరబడి బయటపడకుండా ఉండగలదు, కార్డును ఎవరూ గట్టిగా పరుగెత్తించనంత వరకు.

మరి మెనూ తెర అంత గట్టిగా ఎలా పరుగెత్తించింది? ఆట అంటే ఆగని చక్రం. ఒక బొమ్మ గీయమంటుంది, అది అయిపోగానే ఇంకోటి. మధ్యలో ఆగమని ఎవరూ చెప్పకపోతే కార్డు ఆగదు. పెద్ద యుద్ధ సన్నివేశంలో అయితే ప్రాసెసర్ లెక్కలు తేలేదాకా, మెమరీ నుంచి డేటా వచ్చేదాకా చిప్పులో కొన్ని భాగాలు ఎదురుచూస్తూ ఉంటాయి. నాలుగు బటన్లున్న మెనూలో ఎదురుచూపులు తక్కువ. మానిటర్ చూపగలిగేది సెకనుకు 60 ఫ్రేములో 144 ఫ్రేములో అయినా, కార్డు వందలూ వేలూ గీసి పారబోస్తుంది. కంటికి కనిపించేది మాత్రం కదలని బొమ్మే!

ఇదేమీ కొత్త రోగం కాదు. 2010లో స్టార్‌క్రాఫ్ట్ 2 వచ్చినప్పుడూ మెనూ తెరల మీదే కార్డులు వేడెక్కుతున్నాయని గగ్గోలు పుట్టింది. సెట్టింగుల ఫైల్లో రెండు లైన్లు చేర్చుకోండి, ఆటలో 60, మెనూలో 30 ఫ్రేములకు ఆగిపోతుంది అని ఆ ఆట తయారుచేసిన బ్లిజార్డ్ సలహా ఇచ్చింది. పదకొండేళ్ల తర్వాత కూడా అదే పగ్గం మరిచిపోయి ఆటను వదలడం అమెజాన్ వాళ్ల అలసత్వమే. కరెంటు దండగ, ఫ్యాను మోత దండగ. అయితే కార్డు పోవడానికి అది కారణమా?

కాదనే నేనంటాను. కార్డును కావాలని అలా పరుగెత్తించే ఫర్‌మార్క్ లాంటి పరీక్ష ప్రోగ్రాములు అప్పటికి ఏళ్లుగా ఉన్నాయి. వాటి దెబ్బకు 2010 నవంబరులోనే ఎన్విడియా జీటీఎక్స్ 580 కార్డు మీద 12 వోల్టుల లైన్లలో కరెంటును కొలిచే సర్క్యూటు పెట్టింది, ఫర్‌మార్క్ కనిపిస్తే కార్డును నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేరే వేగం తగ్గించేది. తర్వాతి తరాల్లో ఏ ప్రోగ్రామ్ నడుస్తున్నా ఇన్ని వాట్లకు మించకూడదు, ఇంత వేడికి మించకూడదు అన్న కాపలా కార్డులోనే భాగమైపోయింది. ఆట పని అడుగుతుంది, అంతే. ఎంతవరకు చెయ్యాలో తేల్చుకోవలసింది కార్డు. మామూలు ఆదేశాలతోనే కార్డు కాలిపోతే, ఆదేశం ఇచ్చినవాణ్ని బోనులో నిలబెట్టడం ఆడలేక మద్దెల ఓడనడమే.

2021 సెప్టెంబరులో ఈవీజీఏ బయటపెట్టిన విషయం కూడా ఇదే. తిరిగొచ్చిన కార్డులను ఎక్స్‌రే తీసి చూస్తే మాస్‌ఫెట్ల దగ్గర టంకం పని నాసిగా ఉంది. 2020లో తయారైన తొలి సరుకు అది. అలా పోయినవి సుమారు రెండు డజన్లు, అన్నింటికీ కొత్త కార్డులు ఇచ్చింది.

టంకం కథల్లో ఇంతకన్నా పెద్దది మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆటల డబ్బా ఎక్స్‌బాక్స్ 360ది. ఆడినప్పుడల్లా వేడెక్కి, ఆపినప్పుడల్లా చల్లబడి, లోపలి అతుకులు అలసిపోయి విరిగేవి. మూడు ఎర్ర లైట్లు వెలిగేవి. 2007లో మైక్రోసాఫ్ట్ వారంటీ పెంపు కోసం వంద కోట్ల డాలర్లకు పైగా పక్కన పెట్టింది. అక్కడ ‘హేలో’ ఆట మీద కేసు పెట్టాలని ఎవరికీ తోచకపోవడం విశేషం. డబ్బాను అమ్మిందీ, హేలోను అమ్మిందీ ఒకే కంపెనీ మరి.

అలాగని సాఫ్ట్‌వేర్ ఏనాడూ హార్డ్‌వేర్‌ను చంపలేదని కాదు. ఫ్యానూ వోల్టేజీ ఎవరి చేతిలో ఉంటాయో వాళ్లు చంపగలరు. 2010 మార్చిలో ఎన్విడియా 196.75 డ్రైవర్ ఫ్యాను వేగాన్ని సరిగా పెంచక కార్డులను ఉడికించడం మొదలుపెడితే, దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ డ్రైవర్ వాడొద్దని ఆటగాళ్లను హెచ్చరించిన వాళ్లలో బ్లిజార్డ్ కూడా ఉంది. కళ్లకు కనిపించేది ఆట, ఫ్యాను తాళం చెవి డ్రైవర్ దగ్గర.

ఇంటెల్ విషయంలో ఈ తికమక మరీ ముదిరింది. 13, 14 తరాల కోర్ ఐ9 ప్రాసెసర్లున్న వాళ్లకు అన్‌రియల్ ఇంజిన్ ఆటలు కుప్పకూలుతూ, వీడియో మెమరీ చాలడం లేదని చెప్పేవి. జనం ఆటలను తిట్టారు, గ్రాఫిక్స్ కార్డులను అనుమానించారు. ఆ ఆటల్లో డేటాను విప్పే ఊడుల్ అనే లైబ్రరీ, విప్పిన డేటా సరిగా ఉందో లేదో తనిఖీ చేసుకుంటుంది. అక్కడ లెక్క తప్పుతోంది, తప్పుతున్నది మా కోడ్ కాదు, ప్రాసెసర్ అని దాన్ని తయారుచేసిన వాళ్లే ప్రకటించారు. 2024లో ఇంటెల్ ఒప్పుకుంది. ప్రాసెసర్ లోపలి మైక్రోకోడ్ అవసరానికి మించిన వోల్టేజీ అడుగుతోంది, దాంతో గడియారపు సంకేతాన్ని పంచే సర్క్యూటు ముందే ముసలిదైపోతోంది. ఆగస్టులో సవరణ వచ్చింది, సెప్టెంబరులో ఇంకొకటి. అప్పటికే దెబ్బతిన్న చిప్పును ఏ సవరణా బాగుచెయ్యలేదు కాబట్టి, బాక్సులో కొన్న వాటికి వారంటీని మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది.