తీగలు లేని దారి

తమిళనాడులోని తేని పట్టణంలో అరవింద్ నేత్ర వైద్యశాల ఉంది. పల్లెవాసికి చూపు మసకబారితే ఒకనాటి కూలి వదులుకొని, బస్సు ఛార్జీలు భరించి అక్కడికి వెళ్ళాలి. వెళ్ళడం వాయిదా వేసినకొద్దీ చూపు దక్కే అవకాశం తగ్గుతుంది. అందుకని వైద్యశాల పల్లెల్లో చిన్న నేత్ర కేంద్రాలను నెలకొల్పింది. అయితే ప్రతి కేంద్రంలోనూ వైద్యుడిని నియమించడం సాధ్యం కాదు. తేనిలోని వైద్యుడు రోగిని తెరపై చూసి మాట్లాడాలంటే వేగవంతమైన ఇంటర్నెట్ కావాలి. నాడు ఆ పల్లెలకు అటువంటి సౌకర్యం లేదు.

2005 ప్రాంతంలో అమెరికాలోని బర్క్లీ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఆచార్య ఎరిక్ బ్రూవర్ నాయకత్వంలో, చవకైన వైఫై పరికరాలతోనే ఈ లోటు తీర్చ పూనుకొన్నారు. సాధారణ వైఫై తరంగాలు దీపకాంతి వలె నలుదిక్కులకూ వ్యాపించి, సుమారు నూరు మీటర్లలోనే క్షీణిస్తాయి. ఎత్తైన స్తంభాలపై ఎదురెదురుగా బిగించిన ప్రత్యేక యాంటెన్నాలు ఆ శక్తిని ఒకే దిక్కుకు మళ్ళిస్తాయి. రెండింటి నడుమ చెట్టుగాని, గుట్టగాని అడ్డు రాకూడదు.

అంతటితో పని పూర్తి కాలేదు. వైఫై పరికరం సమాచారాన్ని పంపి, అందినట్లు జవాబు కోసం రెప్పపాటులో అత్యల్ప భాగమే వేచి ఉంటుంది. దూరం వల్ల జవాబు ఆలస్యమైతే, అందలేదని భావించి మళ్ళీ పంపుతుంది. నలుని సందేశం మోసిన హంసకు దమయంతి బదులు పలికే వరకు ఆగే ఓర్పు ఉంది; ఈ యంత్రానికి అది లేదు! కాబట్టి పరిశోధకులు ఆ నియమాలను మార్చి, ఇరువైపుల పరికరాలు వంతులవారీగా పలికే పద్ధతిని రూపొందించారు. పదిహేను కిలోమీటర్ల దూరం వరకు ఉన్న కేంద్రాలలోని రోగులతో వైద్యులు ముఖాముఖి మాట్లాడగలిగారు.

అసలు పరీక్ష ఆ తరువాత ఎదురైంది. ఆరుబయటి పరికరానికి ఎండ, వాన, పిడుగు శత్రువులని ఎవరైనా ఊహించగలరు. నీరు చొరని పెట్టె, సరైన ఎర్తింగ్ వాటి నుండి కొంత రక్షణనిస్తాయి. కాని రేడియోల కంటె నాణ్యత లేని విద్యుత్తే ఎక్కువ చిక్కులు తెచ్చిందని ఆ పరిశోధకులు 2008లో ప్రకటించిన పత్రంలో వివరించారు. వోల్టేజి హఠాత్తుగా పెరిగితే పరికరం మాడిపోయేది. బాగా తగ్గితే పూర్తిగా ఆగిపోదు, సక్రమంగా పనిచేయదు. లోపం యాంటెన్నాలో ఉందో, కరెంటులో ఉందో క్రింద నిలిచినవానికి ఎలా తెలుస్తుంది? అందుచేత వోల్టేజి తగ్గగానే సరఫరాను పూర్తిగా నిలిపివేసి, కుదుటపడ్డాక పునరుద్ధరించే సాధనాన్ని జోడించారు. మరమ్మతులను స్థానిక సిబ్బందికి నేర్పారు. క్రమంగా ఆ స్తంభాల సంరక్షణ బాధ్యత వారి చేతికే వచ్చింది.