కుందేలు పిల్ల సంరక్షణ

కుందేలు పిల్ల సంరక్షణ అనగా తల్లి నుండి వేరుచేసి కొత్తగా ఇంటికి తెచ్చిన పెంపుడు కుందేలు పిల్లకు తగిన ఆహారము, వసతి, ఆరోగ్య రక్షణ కల్పించుట. పెంపుడు కుందేళ్ళన్నీ ఐరోపా కుందేలు అనే ఒకే జాతి నుండి వచ్చినవి. దాని స్వస్థలము స్పెయిన్, పోర్చుగల్ దేశాలున్న ఐబీరియా ద్వీపకల్పము. తెలుగునాట పొలాలలో కనిపించే అడవి కుందేలు, అనగా చెవులపిల్లి, వేరొక ప్రజాతికి చెందినది. రెండింటికీ కుందేలు అనే పేరే వాడుకలో ఉండుట వలన పొలములో దొరికిన పిల్లను ఇంటికి తెచ్చి పెంచబోవువారు కలరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అది నేరము. అడవి కుందేలు పిల్ల ఒంటినిండా బొచ్చుతో, తెరచిన కళ్ళతో పుడుతుంది. పెంపుడు కుందేలు పిల్ల బొచ్చు లేకుండా పుట్టి, సుమారు 10 రోజులకు గాని కళ్ళు తెరవదు.

తల్లి నుండి వేరుచేయు వయసు

పిల్లను 8 వారాలు నిండే వరకు తల్లి వద్దనే ఉంచుట మంచిది. అంతకంటే చిన్న పిల్లలను అమ్ముట కద్దు. అరచేతిలో ఇమిడే పిల్ల ముద్దుగా ఉంటుంది కనుక కొనేవారూ ఎక్కువే. పాలు త్రాగే పిల్ల కడుపులో ఆమ్లము తక్కువగా ఉంటుంది. ఆ దశలో తల్లిపాల నుండి ఏర్పడే కొవ్వు ఆమ్లాలే హానికర సూక్ష్మజీవులను అదుపులో ఉంచుతాయి. పాలు మానిన తరువాత జఠరరసము గాఢమై ఆ పని చేపడుతుంది. ఈ మార్పు పూర్తికాక ముందే తల్లి నుండి వేరుచేస్తే పిల్లకు ఏ రక్షణా సరిగా ఉండదు. తెచ్చిన కొద్దిరోజులకే పిల్ల విరేచనాలతో చనిపోవుటకు ఇది ఒక ముఖ్య కారణము. దిష్టి తగిలిందనో, ఆ ఇంటికి కుందేళ్ళు అచ్చిరావనో అనుకొనుట సరికాదు.

ఆహారము

కుందేలు వాంతి చేసుకొనలేదు. దాని పేగులు ఎప్పుడూ కదులుతూనే ఉండాలి, కదిలించేది పీచు. అందుచేత ఎండుగడ్డి రేయింబవళ్ళు అందుబాటులో ఉండవలెను. జీవితాంతము పెరిగే పళ్ళు అరిగేది కూడా గడ్డి నమలుట వలననే. ఎదిగే పిల్లకు ఎండిన లూసర్న్ మంచిది, కాని అందులో కాల్షియము ఎక్కువ గనుక 6 నెలల తరువాత మామూలు గడ్డికి మార్చాలి. వరిగడ్డిలో పోషకాలు స్వల్పము. అది పక్కగా పరచుటకు పనికివస్తుంది.

చిన్నపేగు చివర ఉండే అంధనాళములో సూక్ష్మజీవులు పీచును పులియబెడతాయి. అక్కడ తయారైన మెత్తని పెంటికలను కుందేలు తిరిగి తింటుంది. ఇది రోగము కాదు, దీనిని ఆపరాదు. ఈ సూక్ష్మజీవులు ఆహారములో హఠాత్తు మార్పును తట్టుకొనలేవు. కనుక అమ్మినవారు ఏమి పెట్టేవారో అడిగి, మొదటి వారము అదే పెట్టి, కొత్త మేతను కొద్దికొద్దిగా కలుపుతూ పోవాలి. అన్నము, రొట్టె, బిస్కట్లు, ఆవుపాలు పెట్టరాదు. బొమ్మల సినిమాల పుణ్యమా అని కుందేలు ఆహారముగా పేరుపడిన క్యారెట్‌లో చక్కెర ఎక్కువ. చిన్న ముక్క చాలును.

వసతి

తొలి రెండు మూడు రోజులు పిల్లను సందడి లేని చోట, దాగుకొనుటకు ఒక అట్టపెట్టెతో ఉంచి, ఎత్తుకొనకుండుట మేలు. చెవులు పట్టి ఎత్తరాదు. ఎత్తునపుడు వెనుక కాళ్ళకు ఆధారము లేకపోతే, అది తన్నుకొనుటలో వెన్నెముక విరగవచ్చును. స్నానము చేయించరాదు. కుందేలుకు చలికంటే వేడి ప్రమాదకరము; ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటితే ఇబ్బంది పడుతుంది. కోస్తా, తెలంగాణ వేసవిలో డాబా మీది బోనులో ఉంచుట ప్రాణాంతకము.

అనారోగ్యము

ఎర్రని మూత్రము చూసి చాలామంది రక్తమని భయపడతారు. తిన్న ఆకుల రంగు వలన కూడా అలా రావచ్చును. నిజముగా భయపడవలసినది మేత మానినపుడు. సగము రోజు తినకపోయినా, పెంటికలు వేయకపోయినా ఆనాడే పశువైద్యునికి చూపించాలి. ఇంట్లో ఉన్న మందులు వేయరాదు. మనుషులకు మామూలుగా వాడే అమాక్సిసిలిన్ నోటి ద్వారా ఇస్తే పేగులలోని మేలుచేసే సూక్ష్మజీవులు నశించి కుందేలు మరణించవచ్చును. కుక్కల పేలకు, గోమార్లకు వాడే ఫిప్రొనిల్ కూడా కుందేళ్ళకు విషము.