మెడలో ఇరుకు, రెటీనాలో ఆక్సిజన్ లెక్క

మెడకు రెండు పక్కలా, కంఠమణికి కాస్త పైగా, కరోటిడ్ ధమని రెండుగా చీలుతుంది. బయటి శాఖ ముఖానికి పోతుంది. లోపలి శాఖ కపాలంలోకి వెళ్లి మెదడుకు రక్తం అందిస్తుంది. కంటి ధమని పుట్టేది ఈ లోపలి శాఖ నుంచే. రెటీనాకు రక్తం ఇచ్చే సన్నని కేంద్ర ధమని కంటి ధమనికి కొమ్మ. కొవ్వు పేరుకుని ధమని పూడుకుపోవడం ఎక్కువగా ఆ చీలిక దగ్గరే జరుగుతుంది.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం సులువుగా కలుగుతుంది. ధమని ఇరుకైతే దాని గుండా వచ్చే రక్తంలో ఆక్సిజన్ శాతం పడిపోతుందనుకుంటారు. అలా జరగదు. హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ పట్టేది ఊపిరితిత్తుల్లో. మెడలోని ఇరుకు దాన్ని తీసేయలేదు. తగ్గేది పీడనం, దానితోపాటు ప్రవాహం. అదీ వెంటనే కాదు. వ్యాసం సుమారు 70 శాతం కుంచించుకుపోయేదాకా ప్రవాహం పెద్దగా మారదు. ఆ తర్వాత కూడా మెదడు అడుగున ఉన్న విల్లిస్ వలయం అవతలి పక్క నుంచి రక్తం తెచ్చిపెడుతుంది. ఒక్కోసారి బయటి శాఖ రక్తం కంటి ధమనిలో వెనక్కి ప్రవహించి మెదడుకు చేరుతుంది. అప్పుడు కంటి వాటా ఇంకా తగ్గుతుంది. ఇరుకు 90 శాతానికి చేరితే రెటీనా కేంద్ర ధమనిలో పీడనం దాదాపు సగానికి పడిపోవచ్చు.

రెటీనా తన బరువుకు మించి ఆక్సిజన్ వాడే కణజాలం. రక్తం నెమ్మదిస్తే ఎర్రకణాలు కేశనాళికల్లో ఎక్కువసేపు ఉంటాయి, కణజాలం వాటి నుంచి మరింత పిండుకుంటుంది. ఆరోగ్యవంతుల రెటీనా ధమనుల్లో ఆక్సిజన్ సంతృప్తత సుమారు 92 శాతం, సిరల్లో సుమారు 55. ప్రవాహం తగ్గినప్పుడు మొదటి అంకె అంతగా కదలదు, రెండోది కిందికి జారుతుంది. అంటే చూడవలసింది వచ్చే రక్తాన్ని కాదు, తిరిగి వెళ్లే రక్తాన్ని.

కొలవడానికి సూది అక్కర్లేదు. రెటీనా ఆక్సిమీటర్ ఒకేసారి రెండు రంగుల కాంతిలో ఫొటో తీస్తుంది. 570 నానోమీటర్ల దగ్గర ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్, లేని హిమోగ్లోబిన్ సమానంగా కాంతిని పీల్చుకుంటాయి. 600 దగ్గర ఆక్సిజన్ లేనిది ఎక్కువగా పీలుస్తుంది. ఆ తేడా నుంచి శాతం లెక్కకడతారు.

ఈ అంకెను గుడ్డిగా నమ్మకూడదు. దీర్ఘకాలం రక్తం చాలక రెటీనా లోపలి పొరలు చచ్చిపోతే వాటి వాడకం ఆగిపోతుంది, సిరల్లో ఆక్సిజన్ తిరిగి పెరుగుతుంది. అంకె బాగుపడినట్టు కనిపిస్తుంది, చూపు మాత్రం బాగుపడదు. పైగా కాంతిని పట్టే కణాలకు ఆక్సిజన్ ప్రధానంగా వెనకనున్న కోరాయిడ్ పొర నుంచి వస్తుంది; ఈ కొలత దాన్ని చూడదు. ఎండలోకి వెళ్లగానే చూపు మసకబారి, చాలాసేపటికి గానీ తేరుకోకపోవడం కోరాయిడ్‌కు రక్తం చాలకపోవడానికి ఒక గుర్తు కావచ్చు. కొన్ని నిమిషాలు ఒక కన్ను చీకటైపోయి మళ్లీ కనిపించడం వేరే సంగతి: పూడిక నుంచి ఊడిన ముక్క రెటీనా ధమనిలో తాత్కాలికంగా అడ్డుపడితే అలా అవుతుంది. అది పక్షవాతానికి హెచ్చరిక, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఒకే మనిషిలో రెండు కళ్లను పోల్చడం ఎక్కువ నమ్మదగినది. ఊపిరితిత్తులూ హిమోగ్లోబినూ రెంటికీ ఉమ్మడి కాబట్టి, తేడా వస్తే రక్తం వచ్చే దారిని అనుమానించవచ్చు. రెండు ధమనులూ ఇరుకైనవారికి ఈ పోలిక పనికిరాదు. ఇరుకు ఎంతో తేల్చేది ఎటూ మెడకు చేసే డాప్లర్ స్కానే.